ఆమ్లజని, ఉదజని, పరమాణువు: గ్రీకు, లాటిన్ శాస్త్రపదాల వ్యుత్పత్తి తెలుగులో పొందిన రూపాలు

ఆక్సిజన్‌కు తెలుగు పాఠ్యగ్రంథాలు ఒకప్పుడు విరివిగా వాడిన పేరు 'ఆమ్లజని'. ఆ పదం కల్పించినవారు మూలపదాన్ని విడదీసి, ప్రతి అవయవానికీ సంస్కృత సమానకాన్ని వెదికి, తిరిగి సమాసం కట్టారు. గ్రీకులో 'ఆక్సుస్' అంటే వాడియైనది, పుల్లనిది. 'గెన్' ధాతువుకు పుట్టుక అని అర్థం. ఆమ్లం, జని అనే రెండు మాటలూ వీటికి చక్కగా సరిపోయాయి. అనువాదంగా చూస్తే ఇందులో దోషం ఎంచవలసినది లేదు. దోషమల్లా మూలపదంలోనే ఉంది.

ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు లవోయిజే ఆమ్లాలన్నింటికీ ఆమ్లగుణాన్ని కలిగించేది ఈ వాయువేనని భావించాడు. గైటన్ ద మోర్వో, బెర్తొలే, ఫుర్‌క్రువాలతో కలిసి 1787లో ఆయన ప్రకటించిన రసాయన నామకరణ పద్ధతిలో 'ఆక్సిజెన్' అన్న పేరు ఆ భావన మీదనే నిలిచింది. 1810లో హంఫ్రీ డేవీ, అప్పట్లో మ్యూరియాటిక్ ఆమ్లమని పిలుస్తూ వచ్చిన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని తేల్చాడు. సిద్ధాంతం పోయింది, పేరు మిగిలింది. ఇంగ్లీషు చదివే విద్యార్థికి ఈ చరిత్ర తెలియకపోయినా నష్టం లేదు. అతనికి 'ఆక్సి' అన్న ధ్వనిలో పులుపు వినిపించదు. ఆమ్లానికి అతని భాషలో 'యాసిడ్' అనే వేరే మాట, అదీ లాటిన్ నుండి వచ్చినది, ఉంది. మూలపదంలోని పొరపాటు గ్రీకు ముసుగులో నిద్రపోతూ ఉంటుంది. తెలుగు విద్యార్థి పరిస్థితి ఇది కాదు. ఆమ్లాలు, క్షారాలు అన్న పాఠం చదివే పుస్తకంలోనే ఆమ్లజని అన్న పేరూ చదువుతాడు. ఆమ్లాన్ని పుట్టించేది ఆమ్లజని అని అనుకోవడం అతని తప్పు కాదు, ఆ పదం అలాగే చెబుతున్నది. ఇంగ్లీషులో నిద్రపోతున్న పొరపాటును తెలుగు అనువాదం మేలుకొలిపింది.

ఇక్కడ భాషాపరమైన మరొక చిక్కు ఉంది. పారిభాషిక పదకోశాలలో దీనిని పట్టించుకున్న జాడ కనిపించదు. గ్రీకు సమాసాల చివర వచ్చే 'గెనెస్' సాధారణంగా 'పుట్టించేది' అన్న అర్థం ఇవ్వదు, 'పుట్టినది' అన్న అర్థం ఇస్తుంది. 'డయోజెనీస్' అన్న పేరుకు 'జ్యూస్ దేవునికి పుట్టినవాడు' అని అర్థం. ఆ లెక్కన ఆక్సిజన్ అంటే 'ఆమ్లం నుండి పుట్టినది' కావాలి. లవోయిజే ప్రభృతులు ఆ ప్రత్యయాన్ని కర్త్రర్థంలో వాడి గ్రీకు వ్యవహారాన్ని తమకు కావలసినట్టు మలచుకున్నారు. తెలుగు పదకర్తలకు ఈ భేదాన్ని స్పష్టంగా చూపే సాధనాలు చేతిలోనే ఉన్నాయి. సంస్కృతంలో 'జ' అంటే పుట్టినది, 'జన్యం' అంటే పుట్టింపబడినది, 'జనకం' అంటే పుట్టించేది. 'జని' మాత్రం పుట్టుకను చెప్పే మాట. అది సమాసంలో ఏ వైపుకు మొగ్గుతుందో సందర్భం చెబితే తప్ప తెలియదు. ఒకే 'జెన్' ఆక్సిజన్‌లో 'జని' అయింది, వ్యాధిని కలిగించే సూక్ష్మజీవిని చెప్పే 'పాథోజెన్'లో 'జనకం' అయింది, 'జీన్'లో 'జన్యువు' అయింది. ఈ మూడింటిలో 'వ్యాధిజనకం' అన్నది వ్యాకరణదృష్టితోనూ శాస్త్రదృష్టితోనూ నిర్దుష్టం. 'ఆమ్లజని'లో ఆ స్పష్టత లేదు.

ఈ పొరపాటు తెలుగువారిది మాత్రమే కాదు. జర్మన్ భాష ఆక్సిజన్‌ను 'జవర్‌ష్టాఫ్' అంది, అంటే పుల్లని ద్రవ్యం. రష్యన్ 'కిస్లరోద్'లో ఉన్నవీ పులుపు, పుట్టుకలే. బెంగాలీలో 'అమ్లజాన్' ఏర్పడింది. పేరులోని అర్థం శాస్త్రజ్ఞానానికి అడ్డు వస్తుందనడం నిజమైతే, పందొమ్మిదవ శతాబ్దంలో జర్మన్ రసాయనశాస్త్రం అంత ఎత్తుకు ఎదిగి ఉండకూడదు. ఈ ఆక్షేపణ బలమైనదే. దీనికి తోడు 'నీటిగుర్రం' ఉండనే ఉంది. గ్రీకులో 'హిప్పోస్' గుర్రం, 'పొటమోస్' నది. హిప్పోపొటమస్‌కు తెలుగు పేరు ఈ రెండు మాటలను అనుసరించి ఏర్పడింది. ఆ జంతువుకు గుర్రంతో ఏ దగ్గరి సంబంధమూ లేకపోయినా, పేరు విని దాన్ని గుర్రమనుకున్న పిల్లవాడు ఉండడు. మలేరియా మాట కూడా ఇటువంటిదే. లాటిన్ మూలాల నుండి వచ్చిన ఇటాలియన్ మాటలలో దానికి 'చెడుగాలి' అని అర్థం. రోనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాదులో దోమ జీర్ణాశయంలో ఆ వ్యాధికారక జీవిని చూసిన తరువాత చెడుగాలి సిద్ధాంతం అంతరించింది. పేరు మారలేదు, మారవలసిన అవసరమూ ఎవరికీ కనిపించలేదు.

అయితే ఈ ఉదాహరణలు ఒకే రకమైనవి కావు. నీటిగుర్రం కంటికి కనిపించే జంతువు. పేరు తప్పుదారి పట్టిస్తే చూపు దాన్ని సరిదిద్దుతుంది. ఆక్సిజన్ కంటికి కనిపించదు. దాని గుణాలను విద్యార్థి పుస్తకం ద్వారా తెలుసుకుంటాడు, పుస్తకంలో మొదట ఎదురయ్యేది పేరే. జర్మన్ విద్యార్థి విషయంలో చెప్పవలసింది మరొకటి. జర్మన్‌లో రసాయనశాస్త్రం పాఠశాల నుండి పరిశోధనాలయం వరకు అదే భాషలో సాగింది. పేరు తొలి తరగతిలో ఇచ్చిన అపోహను పై తరగతిలోని నిర్వచనం అదే భాషలో తుడిచివేసింది. తెలుగులో పై తరగతికి వెళ్ళేసరికి భాషే మారిపోతుంది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన తరువాత ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయి గ్రంథాలు తెలుగులో వచ్చినా, వాటిని దాటి పరిశోధన తెలుగులో సాగలేదు. అందువల్ల తెలుగు పదం మోసుకువచ్చిన అపోహను సరిదిద్దే అవకాశం తెలుగు పదానికి దక్కలేదు. ఆ పదమే పక్కకు తొలగి, 'ఆక్సిజన్' దాని స్థానంలోకి వచ్చింది. 'ప్రాణవాయువు' కూడా వ్యవహారంలో నిలిచింది కానీ అది పంచప్రాణాలలో ఒకదాని పేరు. యోగశాస్త్రంలోని ప్రాణవాయువూ సిలిండరులోని ప్రాణవాయువూ ఒకటి కావని ఎవరూ చెప్పనవసరం లేకుండానే జనం గ్రహించారు. అది సరియైన పదమా కాదా అన్న చర్చ కన్నా, ఆ గ్రహింపు ఎలా సాధ్యమైందన్న ప్రశ్న పరిశోధకులకు ఎక్కువ ఉపయోగకరం.

ఇదే కుటుంబంలోని 'నత్రజని' చరిత్ర వేరు. దీనికి లవోయిజే పెట్టిన పేరు 'అజోట్'. 'అ' అభావాన్ని, 'జోయే' జీవితాన్ని చెబుతాయి కనుక దీని అర్థం నిర్జీవకం. జీవకోటి ప్రోటీన్లన్నింటిలో ఉండే మూలకానికి ఇంతకన్నా పొసగని పేరు ఊహించడం కష్టం, అయినా ఫ్రెంచివారు నేటికీ దాన్నే వాడుతున్నారు. 1790లో షప్తాల్ సూచించిన 'నైట్రోజెన్' సురేకారాన్ని ఆధారం చేసుకున్న పేరు. బెంగాలీ పదకర్తలు దాన్ని అనువదించి 'యవక్షారజాన్' చేశారు. తెలుగు పదకర్తలు 'సురేకారజని' అనలేదు. 'నైటర్' ధ్వనిని 'నత్ర' చేసి, 'జెన్' అర్థాన్ని 'జని' చేశారు. సగం ధ్వని, సగం అర్థం. శుద్ధివాదులకు ఇది సంకరం. కానీ ఆమ్లజని పోయినచోట నత్రజని నిలిచింది. ఎరువుల దుకాణంలో, వ్యవసాయ ప్రసారాలలో, రైతు నోట 'నత్రజని, భాస్వరం, పొటాష్' అన్న వరుస నేటికీ వినిపిస్తుంది. ఈ మూడు పదాలూ మూడు భిన్న పద్ధతులలో వచ్చినవే. మొదటిది ధ్వనీ అర్థమూ కలిసినది, చివరిది యథాతథంగా స్వీకరించినది, నడిమిది మరింత ఆసక్తికరమైనది.

భాస్వరం మూలమైన 'ఫాస్ఫరస్' గ్రీకులో 'వెలుగును మోసేది'. 1669లో హాంబుర్గ్‌లో హెన్నిగ్ బ్రాండ్ మూత్రం నుండి వేరుచేసిన ఆ పదార్థం చీకటిలో మెరిసింది కనుక ఆ పేరు స్థిరపడింది. సంస్కృతంలో 'భాస్వర' శబ్దానికి ప్రకాశించేది అని అర్థం. ధ్వనిలో ఫాస్ఫరస్‌కు దగ్గర, అర్థంలో దానికి సరిజోడు. అంతకు మించి, గ్రీకు 'ఫోస్', సంస్కృత 'భా' ఒకే ప్రాచీన ధాతువు నుండి చీలిన రూపాలు. ఎరువు బస్తా మీద అచ్చయిన ఈ పదంలో రెండు ప్రాచీన భాషల బంధుత్వం ఉందని దాన్ని కొనే రైతుకు తెలియనవసరం లేదు. పదం నిలవడానికి కారణమూ అది కాదు. అది పలకడానికి తేలిక, విన్న తరువాత మరచిపోవడం కష్టం.

ఈ బంధుత్వాన్ని గురించి కొంత విస్తరించి చెప్పుకోవలసి ఉంది. 'ఉదజని' ఇందుకు మేలైన ఉదాహరణ. హైడ్రోజన్‌లోని 'హ్యుడోర్', సంస్కృతంలోని 'ఉద' రెండూ నీటికి పేర్లు, ఒకే మూలం నుండి వచ్చినవి. 'గెన్', 'జన్' కూడా అటువంటివే. అంటే ఉదజని, హైడ్రోజన్ అన్న రెండు సమాసాలలో అవయవానికి అవయవం సగోత్రం. 'జలజని' అని ఉంటే అర్థం సరిపోయేది కానీ ఈ సంబంధం ఉండేది కాదు. ఏకరీతి ద్రవ్యాన్ని చెప్పే 'హోమోజీనియస్'కు 'సమజాతీయం' అన్న మాట కూడా ఇంతే. 'హోమోస్' 'సమ'కు, 'గెనోస్' 'జాతి'కి బంధువులు. ఉష్ణమాపకంలోని 'మాపకం' థర్మామీటరులోని 'మెట్రాన్'కు దగ్గరి చుట్టం. 'థెర్మోస్'కు సంస్కృతంలో సగోత్రమైనది 'ఉష్ణం' కాదు, 'ఘర్మం'. ఆ మాట తెలుగులో చెమట అర్థంలో స్థిరపడిపోయింది కనుక పదకర్తలు దాని జోలికి వెళ్ళకపోవడం వివేకమే. సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలం నుండి వచ్చి ఉండాలని విలియం జోన్స్ కలకత్తాలో చెప్పింది 1786లో. పారిస్‌లో లవోయిజే బృందం ఉదజనికి పేరు పెట్టింది ఆ మరుసటి ఏడే. ఒకరి పని ఒకరికి తెలియదు. ఆ రెండు పనులూ కలిసిన చోటు తెలుగు పారిభాషిక పదకోశం కావడం విశేషం.

ఈ విశేషాన్ని అతిగా వాడుకునే ధోరణి మాత్రం ఆమోదయోగ్యం కాదు. ఇంగ్లీషు శాస్త్రపదాలన్నీ సంస్కృతం నుండి పుట్టాయని నిరూపించబూనే రచనలు తెలుగులో తరచుగా వస్తూ ఉంటాయి. సగోత్రత వేరు, జన్యజనక సంబంధం వేరు. ధ్వనిసామ్యం ఒక్కటే ఆధారమైతే గ్రీకు 'థియోస్'కూ సంస్కృత 'దేవ'కూ చుట్టరికం కలపవలసి వస్తుంది. వినడానికి అవి ఎంత దగ్గరగా ఉన్నా, ధ్వనిపరిణామ సూత్రాలు ఆ సంబంధాన్ని ఒప్పుకోవు. 'దేవ'కు బంధువు లాటిన్‌లోని 'డేయుస్'. పదకోశాలలోనే మరొక ప్రమాదం పొంచి ఉంటుంది. గ్రీకు 'హోమోస్' అంటే సమానం, లాటిన్ 'హోమో' అంటే మనిషి. హోమో సేపియన్స్‌లోని హోమోకు 'సమ' అని అర్థం చెప్పడం, హోమోజీనియస్‌లోని హోమోకు మానవుణ్ణి తెచ్చి అంటగట్టడం రెండూ తప్పే. పైగా ఈ సగోత్రతలన్నీ తెలుగులోని సంస్కృత భాగానికి చెందినవి. తెలుగు ద్రావిడ కుటుంబానికి చెందినదని 1816లో ఎల్లిస్ చూపిన తరువాత, నీరు, పుట్టుక, వెలుగు అన్న మాటలకు గ్రీకులో చుట్టాలను వెదకడం వ్యర్థం. 'నీటిగుర్రం' ఏ సగోత్రతా లేకుండానే ఈ పదాలన్నింటికన్నా ఎక్కువ మందికి అర్థమవుతున్నది.

వ్యుత్పత్తిని అనువదించడం వల్ల లాభం చేకూరిన సందర్భాలూ లేకపోలేదు. 'క్లోరోస్' అంటే గ్రీకులో పసిమి కలిసిన లేత ఆకుపచ్చ. ఈ మాట నుండి డేవీ క్లోరిన్ వాయువుకు పేరు పెట్టాడు. తరువాత కొద్ది ఏళ్ళకే పెల్లెతియే, కవాంతూ ఆకులోని పచ్చని పదార్థానికి 'క్లోరోఫిల్' అని పేరు పెట్టారు. క్లోరోఫిల్‌లో క్లోరిన్ లేదు, అందులోని లోహం మెగ్నీషియం. ఇంగ్లీషులో చదివే పిల్లలు ఈ రెండింటికీ సంబంధం కల్పించుకోవడం సహజం. 'పత్రహరితం' చదివే పిల్లవానికి ఆ భ్రాంతి కలగడానికి తావే లేదు. క్లోరిన్‌ను ధ్వనితో, క్లోరోఫిల్‌ను అర్థంతో తెచ్చుకోవడం వల్ల, మూలభాషలో చిక్కుపడిన రెండు దారాలు తెలుగులో విడిపోయాయి. 'హరితం' 'క్లోరోస్'కు సగోత్రమే అయినా, ఇక్కడ మేలు చేసినది సగోత్రత కాదు, ఈ వేరుపాటు.

మూలపదాన్ని అసలు అనువదించకుండా వదిలినచోట తెలుగుకు కలిసివచ్చిన ఉదాహరణ 'విద్యుత్తు'. 'ఎలెక్ట్రాన్' గ్రీకులో ఒక రకపు పసుపుపచ్చని శిలాజ జిగురు. దాన్ని రుద్దితే గడ్డిపోచలను ఆకర్షిస్తుంది. 1600లో గిల్బర్ట్ అయస్కాంతాన్ని గురించి రాసిన లాటిన్ గ్రంథంలో ఈ మాటను విశేషణంగా మార్చాడు, 1891లో స్టోనీ దాన్ని విద్యుదావేశపు కనీస మాత్రకు పేరుగా పెట్టాడు. జిగురు నుండి మెరుపుదాకా యూరప్ నడిచిన దారి పొడవైనది. మెరుపు, రాపిడి విద్యుత్తు ఒకటేనని రుజువు కావడానికి 1752లో ఫ్రాంక్లిన్ ప్రయోగాల దాకా ఆగవలసి వచ్చింది. సంస్కృతంలో 'విద్యుత్' అంటేనే మెరుపు. ఈ పదాన్ని ఎంచుకోవడంతో ఫ్రాంక్లిన్ నిరూపించిన విషయం తెలుగు పేరులోనే చేరిపోయింది. ఇది ప్రాచీనులకు విద్యుచ్ఛాస్త్రం తెలుసుననడానికి ఆధారం కాదు. పదాన్ని ఎంచినవారు ఆధునికులు, ఆ ప్రయోగాల ఫలితం తెలిసినవారు. గ్రీకు జిగురును పట్టుకుని 'తృణాకర్షకం' వంటి పదం కల్పించకుండా, తెలిసిన ఫలితం నుండి వెనక్కి చూసి పేరు పెట్టారు. వ్యవహారంలో అందరూ 'కరెంటు' అంటారన్నది వేరే సంగతి. అది లాటిన్‌లో పరుగెత్తడాన్ని చెప్పే క్రియ నుండి వచ్చిన మాట. ప్రవాహమన్న భావం దానిలోనూ చెడలేదు.

తెలుగులో నేటికీ తెమలని చిక్కు 'అణువు, పరమాణువు' జంటది. గ్రీకు 'అటొమోస్' కోయరానిది. వైశేషికుల పరమాణువూ విభజనకు లొంగనిదే. రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం, మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్ర్యణుకం అని ఆ దర్శనం చెప్పింది. డాల్టన్ 1808లో ప్రకటించిన సిద్ధాంతంలోని 'ఆటమ్'కు పరమాణువును సమానార్థకం చేయడం ఆ విధంగా సహేతుకం. 'మాలిక్యూల్' మాత్రం లాటిన్‌లో రాశిని చెప్పే 'మోలెస్'కు అల్పార్థక రూపం, అంటే చిన్నరాశి. ఆ వ్యుత్పత్తిని పక్కన పెట్టి దానికి 'అణువు' అన్నారు. చిన్నదానికి అణువు, మిక్కిలి చిన్నదానికి పరమాణువు. తరగతి గదిలో ఈ ఏర్పాటు చక్కగా నడుస్తుంది. తరగతి దాటగానే తలకిందులవుతుంది. వార్తాపత్రికలలో 'అణుబాంబు', 'అణుశక్తి', 'అణువిద్యుత్ కేంద్రం'. ఈ ప్రయోగాలలో అణువు ఆటమే కానీ మాలిక్యూల్ కాదు. పాఠ్యపుస్తకం ప్రకారం అణువులను విడదీయడం వంటింట్లో కూడా జరిగే సాధారణ రసాయనచర్య. పత్రిక ప్రకారం అది నగరాలను బూడిద చేసేది.

దీనిని పత్రికారచయితల అజ్ఞానంగా కొట్టివేయడం న్యాయం కాదు. పందొమ్మిదవ శతాబ్దపు తొలి సగంలో యూరప్ కూడా ఇదే గందరగోళంలో ఉంది. 1811లో అవగాడ్రో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో 'మాలిక్యూల్' అన్న మాటే రకరకాల విశేషణాలతో రెండు అర్థాలకూ పనిచేసింది. 1860లో కార్ల్‌స్రూహే నగరంలో రసాయన శాస్త్రజ్ఞులు సమావేశమైనప్పుడు ఈ రెండింటి భేదం ముఖ్యమైన చర్చనీయాంశమైంది. అక్కడ శాస్త్రజ్ఞులే వాడుకను సరిదిద్దుకున్నారు. తెలుగులో శాస్త్రవ్యవహారం ఒక వైపు, పత్రికావ్యవహారం ఒక వైపు ఉండిపోయాయి, వాటిని కలిపే సభ జరగలేదు. 'కేంద్రకం' ఆధారంగా ఆ శక్తికి పేరు పెట్టి ఉంటే చిక్కు చాలావరకు తీరేది. ఇంగ్లీషు కూడా 'అటామిక్' నుండి 'న్యూక్లియర్' వైపు జరిగింది. 'న్యూక్లియస్' లాటిన్‌లో గింజలోని పప్పు. తెలుగు పదకర్తలు ఆ పప్పును వదలి కేంద్రాన్ని పట్టుకోవడం మంచిదే అయింది. కానీ 'కేంద్రక విద్యుత్తు' పుస్తకాలను దాటి రాలేదు. విభజనకు లొంగనిదని అర్థమున్న మాటలతోనే విభజన గురించి మాట్లాడుకోవడం ఆటమ్‌కూ పరమాణువుకూ సమానంగా పట్టిన గతి.

వైద్యపదాలను తెలుగు చాలావరకు అనువదించలేదు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పేరుతో ముడిపడిన ఔషధాలు ఇందుకు తగిన సాక్ష్యం. ఆయన లెడర్లే పరిశోధనాలయంలో పరిశోధనలను నిర్వహించిన కాలంలో వచ్చిన 'ఆరియోమైసిన్'లో లాటిన్ బంగారం, గ్రీకు శిలీంధ్రం ఉన్నాయి. ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం పేరు లాటిన్‌లో ఆకును చెప్పే 'ఫోలియం' నుండి 1941లో వచ్చింది. పాలకూర ఆకుల నుండి దాన్ని వేరుచేసిన అమెరికా శాస్త్రజ్ఞులు ఆ పేరు పెట్టారు. దాని రసాయననామంలోని 'టెరోయిల్' గ్రీకులో రెక్కను చెప్పే 'ప్టెరాన్' నుండి, సీతాకోకచిలుక రెక్కల రంగుద్రవ్యాల ద్వారా వచ్చినది. సంస్కృతంలో 'పత్ర' శబ్దానికి ఆకు, రెక్క అన్న రెండర్థాలూ ఉన్నాయి, అది 'ప్టెరాన్'కు సగోత్రం కూడా. ఒక రసాయనానికున్న రెండు పేర్లలోని రెండు భావాలను ఒకే మాట ఇముడ్చుకోగల అవకాశం ఇంతకన్నా అందంగా దొరకదు. అయినా తెలుగు 'పత్రామ్లం' అనలేదు, 'ఫోలిక్ ఆమ్లం' అని సగమే అనువదించి ఊరుకుంది. అదే ఉచితం. ఆ ఆమ్లం ఆకులలోనే కాక కాలేయంలోనూ ఈస్టులోనూ ఉంటుంది. సుబ్బారావు బృందం దానిని వెదికిన చోట్లలో కాలేయమూ ఒకటి.